అల్లాల్ బాబాయ్ గొంతు

“మనిషి పేరు ముఫద్దల్. క్రేన్ ఆపరేటర్. మన రేవును దెబ్బతీయాలని చూస్తున్న విదేశీ ముఠాకు లోపలి మనిషి అతనేనని లమ్యా అంటోంది. నిజం అతని నోటి నుంచే రప్పించాలి,” అన్నాడు చీఫ్ తెమ్సమానీ, పుదీనా టీ గ్లాసు పక్కకు జరుపుతూ.

ఏజెంట్ ద్రిస్ తలూపాడు. లమ్యా రేవుకు హెడ్‌సెట్లు అమర్చిన కంపెనీలో నిపుణురాలు. ద్రిస్ పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంట్‌కు రహస్యంగా సమాచారం ఇచ్చేది కూడా. ఆమె నవ్విందంటే ద్రిస్ అడగబోయిన ప్రశ్న మరిచిపోయేవాడు.

టాంజియర్ రేవులో క్రేన్ ఎక్కేవాళ్ళు ఇప్పుడు లేరు. ఊళ్ళో ఏసీ గదిలో కూర్చుని, కళ్ళకు హెడ్‌సెట్ తగిలించుకుని, ఎక్కడో ఉన్న కంటెయినర్లను జాయ్‌స్టిక్‌తో ఎత్తి దించుతారు. సాయంత్రం ముఫద్దల్ ఇంటికి వెళ్ళి ఇంకో హెడ్‌సెట్ పెట్టుకుని, లేని సముద్రంలో చేపలు పట్టే ఆట ఆడేవాడు. ద్రిస్ ఆ ఆటలోకే దిగాడు. తెల్లగడ్డం, లారాష్ ఊరి ముసలి నావికుడి వేషం, పేరు అల్లాల్. వేషం కంప్యూటర్ కట్టింది. బొంగురు గొంతు మాత్రం ద్రిస్ సొంత విద్య.

ఇద్దరూ పక్కపక్కన గాలాలు వేసుకుని కూర్చునేవారు. త్వరలోనే ముఫద్దల్ ‘బాబాయ్’ అనడం మొదలుపెట్టాడు. గాలికి ఊగే నిచ్చెన ఎక్కి దిగినన్నాళ్ళూ ఒళ్ళు నొప్పులతోనైనా నిద్ర పట్టేదనీ, ఇప్పుడు పనిచేసిన సంగతి ఒంటికే తెలియడం లేదనీ చెప్పుకున్నాడు. భార్య రహ్మాకు కడుపు నిలవడం లేదన్న మాట, సొంత అన్నకు కూడా చెప్పనిది, చెప్పి ఏడ్చాడు. ఆటలో కన్నీళ్ళు కనపడవు, గొంతు వినపడుతుంది. ఒకరోజు రహ్మా కూడా మాట కలిపి, తమ కోసం దువా చెయ్యమని బాబాయ్‌ని బతిమాలింది. చేస్తానన్నాడు ద్రిస్. ఆ తర్వాత అదంతా టైప్ చేసి పైకి పంపాడు.

“బాబాయ్, లమ్యా మేడం నాకొక్కడికే కొత్త హెడ్‌సెట్ ఇచ్చింది,” అన్నాడు ముఫద్దల్ మరో సాయంత్రం. “అందులో ఒక్కోసారి నీడలు కదలవు. ఆఫీసులో చెప్తే కళ్ళు పోయాయని ఇంటికి పంపేస్తారు.”

ఎవరికీ చెప్పవద్దన్నాడు ద్రిస్. తాను మాత్రం వెళ్ళి లమ్యాకే చెప్పాడు, గొప్పగా, భోజనాల బల్ల దగ్గర. ఆమె అతని చేతి మీద చెయ్యి వేసి, చూస్తాలే అంది.

మర్నాడు ఉదయం ఆమె ఫోన్ పలకలేదు. ఆమె దిగిన హోటల్ గది ఖాళీగా ఉంది. అప్పుడు తట్టింది ద్రిస్‌కి. నీడలు కదలడం లేదంటే ముఫద్దల్ చూస్తున్నది ఎప్పుడో రికార్డు చేసిన బొమ్మ. అతను ముఠా మనిషి కాదు, ముఠా వాడుకోబోతున్న చెయ్యి. ఆ చెయ్యికి అనుమానం వచ్చిందని వాళ్ళ మనిషి లమ్యాకి చేరవేసింది తనే.

కంట్రోల్ రూమ్‌కి పరుగెత్తాడు. ముఫద్దల్ కంటెయినర్ దించుతున్నాడు. గది తెర మీద కూడా క్రేన్ కింద ఖాళీ స్థలం కనిపిస్తోంది. ద్రిస్ రేవు గార్డుకి ఫోన్ చేశాడు. క్రేన్ కిందే షిఫ్టు బస్సు ఉందనీ, నిండా కూలీలున్నారనీ, అక్కడే ఆగమని వైర్‌లెస్‌లో ఎవరో ఆర్డర్ ఇచ్చారనీ గార్డు చెప్పాడు. సూపర్‌వైజర్ స్టాప్ బటన్ నొక్కాడు. పనిచెయ్యలేదు. లమ్యా దాన్నీ వదల్లేదు. మిగిలింది ముఫద్దల్ చెయ్యి ఒక్కటే. సూపర్‌వైజర్ చెప్పినా అతను కంటికి కనిపించేదే నమ్ముతాడు, తెలియని గొంతు విని ఉలిక్కిపడితే ఆ చెయ్యి ముందుకే జారుతుంది.

ద్రిస్ అతని చెవి దగ్గర వంగి, ముసలి దగ్గు దగ్గాడు.

“ముఫద్దల్, నేనురా, అల్లాల్ బాబాయ్‌ని. చెయ్యి అలాగే ఉంచు. నీకు కనిపిస్తున్నది అబద్ధం. కింద మనుషులున్నారు. మెల్లగా పైకి లాగు.”

ముఫద్దల్ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. జాయ్‌స్టిక్ వెనక్కి లాగాడు. బస్సు టాప్‌ని తాకబోయిన కంటెయినర్ పైకి లేచిందని గార్డు ఫోన్‌లో చెప్పాడు.

హెడ్‌సెట్ తీసి ముఫద్దల్ చుట్టూ వెతికాడు. “బాబాయ్ ఏడీ?”

ద్రిస్ అదే ముసలి దగ్గు దగ్గి, తన డిపార్ట్‌మెంట్ కార్డు తీసి చూపించాడు. తల దించుకున్నాడు. ముఫద్దల్ కార్డునీ అతని ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు.

“మా ఆవిడ మాటలు కూడా మీ వాళ్ళకి పంపావా?”

“పంపాను.”

ముఫద్దల్ జాకెట్ తీసుకుని లేచాడు. “బాబాయ్ పోయాడని చెప్తాను రహ్మాకి. నువ్వని చెప్పడం కంటే అది నయం.”

మధ్యాహ్నానికల్లా లమ్యా స్పెయిన్ వెళ్ళే ఫెర్రీ దగ్గర ముసలమ్మ వేషంలో దొరికిపోయింది. తెమ్సమానీ ద్రిస్ భుజం తట్టాడు. ఆ చెయ్యి తీసేదాకా ద్రిస్ నేల చూపులే చూశాడు.

శుక్రవారం ముఫద్దల్ ఇంట్లో అల్లాల్ పేరు మీద ఇరుగుపొరుగుకి కుస్‌కుస్ వండి దినం భోజనం పెట్టారు. రహ్మా చాలాసేపు ఏడ్చిందట. ద్రిస్ ఎన్ని వేషాల్లో ఎన్ని విందులకు వెళ్ళాడో లెక్కలేదు గానీ, తన దినం భోజనానికే తనకు పిలుపు రాకపోవడం అదే మొదటిసారి.