సీజియం చుట్టూ ఎనిమిది

కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర అనిల్ కనబడగానే వనజకు ఒళ్లు మండిపోయింది.

“ఎక్కడ సచ్చినవ్ ఇంతసేపు?”

“బస్సు దొరకలేదబ్బా. సెమినార్ అయిపాయనా?”

“అయింది! నా ఇజ్జత్ కూడా పోయింది. మోడల్ల నడుమ గా చిన్న బంతి ఎందుకు పెట్టినవ్?”

సీజియం క్లోరైడ్ మోడల్ ఇద్దరూ కలిసి చేయాల్సింది. థర్మాకోల్ బంతులు తెచ్చి అతికించే పని నాకొదిలెయ్ అన్నాడు ఈ కర్నూలు మొనగాడు; నిన్న సాయంత్రం అతికించి సెమినార్ హాల్లో పెట్టి వెళ్లాడు.

“పెద్ద బంతి బస్సులో నలిగిపోయింది. పాత ఉప్పు మోడల్లోని సోడియం బంతి ఉంటే రంగేసి పెట్టినా. రంగు బాగానే కుదిరింది కదా?”

“రంగా! సీజియం పెద్దది కాబట్టే చుట్టూ ఎనిమిది క్లోరైడ్లు ఆనుకుంటయి. సోడియం చిన్నది, దానికి ఆరే. నువ్వేమో చిన్నదాని చుట్టూ ఎనిమిది కుక్కినవ్. అవి ఒకదాన్నొకటి నూకుకుంటున్నయి, నడిమిదాన్ని ఒక్కటీ తాకలే. శ్యామలాంబ మేడం దాన్ని క్లాసంతా తిప్పి చూపించింది. ‘చుట్టూ ఎన్ని ఆనుకుంటాయో, ఆ కోఆర్డినేషన్ నంబర్ తెలియనివాళ్లకు ఎమ్మెస్సీ ఎందుకు? ఎవరు చేశారిది?’ అన్నది. నాకు సగం మార్కులు కోసేసింది.”

“నా పేరు చెప్పాల్సింది!”

వనజ అసలు మంట అక్కడే ఉంది. మేడం అడగ్గానే, ముందూ వెనకా చూసుకోకుండా ‘నేనే, మేడం’ అనేసింది. అప్పటినుంచీ తన మీద తనకే పీకల్దాకా కోపం.

“చెప్పలే!”

“ఎందుకని?”

“నిన్ను ఎవరన్న తిడితే నాకు పడదు! నేను తిడతా, అది వేరే. చాలా?”

అనిల్ గబగబా మెట్లెక్కాడు.

“ఏడికి?”

“మేడం కాడికి. తప్పు నాది.”

“పోయినవంటే నీతోని మాట్లాడ!”

“మాట్లాడొద్దులే. తిట్టు.”

వనజ విసవిసా తార్నాక దాకా నడిచింది. చినుకులు మొదలైతే వాటినీ తిట్టుకుంది. చాయ్ హోటల్లో కూర్చోగానే ఫోన్ మోగింది.

“చెప్పేసినా. నా మార్కులూ సగం కోసింది. రేపు ఇద్దరూ సరిగ్గా చేసి తెస్తే చూస్తానన్నాది. యాడుండావు?”

“తార్నాకల, చాయ్ హోటల్ల. జల్ది రా.” ఠక్కున ఫోన్ పెట్టేసింది.

ఎవరో పెద్దాయన ఎదురు కుర్చీ మీద చెయ్యేశాడు. “ఖాళీయేనా అమ్మా?”

“లేదు పెద్దనాయినా, మావోడొస్తుండు,” అంది వనజ, ఇంకా కోపంగానే.