క్రీమ్ చాటు వెలుగు

ల్యాంప్ చుట్టూ పిల్లలు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. డాక్టర్ షమీమ్ మీటను ఇంకో గీత పైకి తిప్పింది. గుమ్మం దగ్గరున్న పైడితల్లికి కాలు ఒకచోట నిలవడం లేదు.

పైన ఎండలు బతకనివ్వక జనం నేల కింద కట్టుకున్న ఊరు పాతాళ విశాఖ. అక్కడ సూర్యుడు తప్ప అన్నీ ఉన్నాయి. ఎండ తగలని ఒంట్లో విటమిన్ డి సరిగా తయారవదు. అది చాలకపోతే ఎముక పచ్చి కొమ్మలా వంగిపోతుంది. పైడితల్లి కూతురు గౌరి కాళ్లూ అలాగే వంగాయి. ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాల్ని వెదజల్లే ల్యాంప్‌ను షమీమ్ తయారుచేసి సర్కారు క్లినిక్‌లో పెట్టింది. ఎముక ముదిరిపోతే ఇక ఏమీ చెయ్యలేమని, ఈ ఏడాదే ఆఖరని ముందే చెప్పింది.

సగం ఏడాది గడిచినా ఒక్కరికీ గుణం కనిపించలేదు. ల్యాంప్ చాలడం లేదనుకుని ఆవిడ దాని జోరు పెంచుతూ పోయింది. పాపం, తల్లులు చేస్తున్న పని ఆవిడకు తెలియదు. ఆ వెలుగు ఒంటిని నల్లబరుస్తుంది. సూర్యుణ్ణి వదిలి వచ్చినవాళ్లను రంగు పిచ్చి మాత్రం వదల్లేదు. ఇంటి దగ్గరే పిల్లల ఒంటికి జింక్ క్రీమ్ కనపడకుండా మర్దించి మరీ పంపేవారు. ఆ పూత కిరణాల్ని లోపలికి రానివ్వదు.

ఒకరోజు గౌరి తోటి పిల్లల వెనక పరుగెత్తబోయి కూలబడింది. పైడితల్లి మనసు ఆగలేదు. డాక్టరుకు చెప్పడానికి సిగ్గేసి, గుట్టుగా క్రీమ్ కడిగేసి పిల్లను ల్యాంప్ ముందు కూర్చోబెట్టింది. పెంచిన జోరంతా ఆ ఒక్క ఒంటి మీదే పడింది. సాయంత్రానికి బొబ్బలు లేచాయి.

పైడితల్లి ఏడుస్తూ డాక్టరుకు అంతా చెప్పేసింది. "నా బిడ్డని నానే కాల్సీసేనమ్మా."

"నేనూ కాల్చాను," అంది షమీమ్.

జోరు బాగా తగ్గించి, క్రీమ్ మానమని తల్లులందరికీ నచ్చజెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. బొబ్బల్ని చూసిన భయంతో వాళ్లు మర్నాటి నుంచి రెండేసి పూతలు పూశారు.

గాయాలు మానాక గౌరి ఒక్కతే ఉత్త ఒంటితో కూర్చుంది. నల్లబడింది. నెమ్మదిగా కాళ్లు చక్కబడి పరుగందుకుంది. క్రీమ్ మానడం వల్లేనని పైడితల్లి ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఒక్కరూ నమ్మలేదు.

ఏడాది ముగియవస్తుంటే తల్లులంతా కట్టగట్టుకుని క్లినిక్‌కు వచ్చారు. ముందున్న సన్నాసమ్మ, తెల్లగా పూత పూసిన కొడుకును షమీమ్ ముందు నిలబెట్టి చేతులు జోడించింది.

"గౌరిని కాల్సినట్టే మా బిడ్డల్నీ ఓపాలి కాల్సీండమ్మా."