కూతురు రాసిన హత్య

తెల్లారి రెండు గంటలైనా టైలరమ్మ మిషన్ మీద ముసుగు తీయలేదు. కుట్టాల్సిన జాకెట్లు ముందుగదిలో కుప్పగా పడున్నాయి. ఆమె కిటికీ పక్కన కూర్చుని కూతురు రాసిన మొదటి నవల రెండోసారి చదువుతోంది. పక్కన కాఫీ చల్లారిపోయింది. నూట నలభయ్యో పేజీ దగ్గర మళ్లీ ఆగిపోయింది.

నవలలో ఒక అన్న తమ్ముణ్ణి చంపుతాడు. రక్తపు చొక్కాతో వచ్చిన కొడుకును తల్లి లోపలికి లాగి తలుపు వేస్తుంది. చొక్కా ఉతికేస్తుంది. పోలీసులకు అబద్ధం చెబుతుంది. ఆ తల్లి కూడా బట్టలు కుట్టేదే.

అంతలో ఆడపడుచు అదే పుస్తకం చంకన పెట్టుకుని విసురుగా వచ్చింది.

"చూశావా వదినా, నీ కూతురి నిర్వాకం! ఎవరి గురించి రాసిందో అందరికీ తెలిసిపోతుంది. సగం చదివేసరికే నాకు తల తిరిగింది. ఇంటి గుట్టంతా బజారున పెట్టింది!"

టైలరమ్మ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. పన్నెండేళ్ల కిందట ఆమె కొడుకు బండితో ఒక ముసలాయన్ని గుద్దేసి, ఆగకుండా ఇంటికొచ్చాడు. చూసినవాళ్లెవరూ లేరు. ఆమె మొదట ఆయన్ని ఆసుపత్రికి చేర్పించి, తర్వాత కొడుకును రెక్క పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లింది. వాడు ఎనిమిది నెలలు జైల్లో ఉన్నాడు. "నువ్వు కన్నతల్లివేనా?" అన్నారు చుట్టాలు. ఆ మాట మొదట అన్నది ఈ ఆడపడుచే. తను చేసింది తప్పో ఒప్పో టైలరమ్మకు ఇప్పటికీ తేలలేదు.

మందుల షాపులో డ్యూటీకి బయల్దేరుతున్న కూతురు గుమ్మంలో ఆగింది.

"ఇన్నేళ్లూ నన్ను ఇలాగే చూశావా అమ్మలూ?" అంది తల్లి.

"నిన్నా? అది నువ్వు కాదమ్మా!" కూతురు వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. "ఆ రోజు నాకు పదకొండేళ్లు. నువ్వు అన్నయ్యను తీసుకెళ్తుంటే ఈ గుమ్మంలోనే ఏడుస్తూ నిలబడ్డాను. నువ్వు తలుపేసుకుని దాచి ఉంటే మనం ఏమయ్యేవాళ్లమో తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అదే రాశాను."

కొడుకు తల తుడుచుకుంటూ వచ్చాడు. అతనిప్పుడు అంబులెన్స్ డ్రైవరు.

"నన్ను అడిగే రాసింది అత్తా. రాయమన్నాను. ఆ రోజు అమ్మ దాచి ఉంటే ఆయన రోడ్డు మీదే పోయేవాడు. నేను ఈపాటికి ఇంకెన్ని దాచిపెట్టేవాణ్ణో! జైలు నుంచి వచ్చిన రోజు ఈ మాట అమ్మకు చెప్పాల్సింది. సిగ్గేసి చెప్పలేకపోయాను."

టైలరమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చింది. పన్నెండేళ్లుగా గుండెలో ఉన్న బరువు దిగిపోతుంటే ఆపుకోవాలని కూడా ఆమెకు అనిపించలేదు. తర్వాత కళ్లు తుడుచుకుని పుస్తకం తిప్పి, అట్ట మీద కూతురి పేరును వేలితో తడిమింది.

ఆడపడుచు తల దించుకుని చంకలోని పుస్తకం చేతిలోకి తీసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఇంతకీ ఆ తల్లి చివరికి దొరికిపోతుందా వదినా?"

టైలరమ్మ నిటారుగా కూర్చుంది.

"నేను చెప్పనమ్మా. మా అమ్మాయి అంత కష్టపడి రాసింది. చివరిదాకా చదువుకో!"