జెర్సీ లోపలి వైపు

మూడో అంతస్తు. ఇంకొకటి ఉంది.

భుజాన లాప్‌టాప్ బ్యాగు. చెవి దగ్గర ఫోను. ఊపిరి ఆడటం లేదు.

"నాలుగు నిమిషాలు మేడమ్. ఆ తర్వాత మీ తమ్ముడు ఎడం చేత్తో రాయడం నేర్చుకోవాలి."

"వస్తున్నానండీ... వాణ్ణేం చెయ్యకండి!"

కాలు జారుతుంది. మోకాలు మెట్టుకు తగిలి చిట్లుతుంది. కుంటుకుంటూ మళ్ళీ పరుగు.

ఆఫీసులో అందరూ ఆమెను భూతద్దం అంటారు. ఆన్‌లైన్‌లో కొన్న జెర్సీ మీద ఎవరికి అనుమానం వచ్చినా ఫొటోలు ఆమె టేబుల్‌కే వస్తాయి. అసలుదో నకిలీదో తేల్చడం ఆమె పని. ఆర్నెల్లు కూర్చుని, నకిలీ జెర్సీలు అమ్మే నూట నలభై దొంగ పేజీల లిస్టు తయారు చేసింది. ఐదింటికి అది పోలీసులకు వెళ్ళాలి.

మూడింటికి తమ్ముణ్ణి ఎత్తుకెళ్ళారు.

లిస్టూ వద్దు, ఉద్యోగమూ వద్దు. వాడొక్కడు బతికితే చాలు.

తలుపు తోస్తుంది.

పొడవాటి హాలు. వరసగా కుట్టు మిషన్లు. పనివాళ్ళు లేరు, ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి. రేపటి ఫైనల్ కోసం గుట్టలుగా జెర్సీలు.

మధ్యలో కుర్చీ. కుర్చీలో తమ్ముడు!

పెదవి చిట్లి గడ్డం మీదకు రక్తం కారుతోంది. ఎడమ చెయ్యి కుర్చీకి కట్టేసి ఉంది. కుడి చెయ్యి హీట్ ప్రెస్ రెండు పలకల మధ్య ఉంది. జెర్సీ మీద నంబర్లు అతికించే మెషిన్ అది. పై పలక పొగలు కక్కుతోంది. పిడి కిందికి లాగితే చెయ్యి మసే.

"అక్కా... వీళ్ళు చెప్పినట్టు చెయ్యక్కా."

పిడి దగ్గర ఒక బట్టతలవాడు. నడుముకు తుపాకి.

"ముందు పాఠం చెప్పు మేడమ్. మా సరుకు ఎలా కనిపెడుతున్నావు? లిస్టు తర్వాత చెరిపేద్దువుగాని."

"రేటు చూసి. మూడు వేల జెర్సీ ఐదొందలకు ఇస్తున్నాడంటే వాడు దేవుడైనా అయ్యుండాలి, దొంగైనా అయ్యుండాలి."

చెంప ఛెళ్ళుమంటుంది! కళ్ళజోడు ఎగిరి మిషన్ కింద పడుతుంది.

"జోకులొద్దు. ఇంకా?"

"ఫొటోలు. అన్నీ కంపెనీ సైట్లోంచి ఎత్తినవే. లోపలి లేబుల్ ఫొటో పంపమంటే మీవాళ్ళు నోరెత్తరు."

ఈసారి దెబ్బ తమ్ముడి కడుపులో పడుతుంది. వాడు గిలగిల్లాడుతుంటే ఆమె ప్రాణం విలవిల్లాడుతుంది.

"వాణ్ణి కొట్టకండి, చెబుతున్నాగా... లేబుల్ మీద కోడ్ ఉంటుంది. నెట్లో కొడితే ఆ జెర్సీయే రావాలి. మీ కోడ్ కొడితే బూట్లొస్తున్నాయి."

"ఇంకా?"

"బ్యాడ్జి. తిరగేసి లోపలి కుట్టు చూస్తాను."

ఒక జెర్సీ ఆమె మొహాన విసురుతాడు. "ఇది మా మచ్చు పీసు. దీన్ని చూసే అందరూ కుడతారు. ఈ బ్యాచ్ ఇంకా బయటికెళ్ళలేదు. ఎక్కడుందో తప్పు చూపించు."

కళ్ళజోడు లేదు. బ్యాడ్జి వెనక భాగం కంటికి ఆనించుకుంటుంది.

చేతులు ఆగిపోతాయి...

కంపెనీ సరుకైతే దారం కొసలు మిషనే కత్తిరిస్తుంది. దొంగ సరుకులో వేలాడతాయి. ఇక్కడ రెండూ కాదు. కొసను వెనక్కి తిప్పి, పక్క కుట్టు కింద దూర్చి, చేత్తో రెండు ముళ్ళు వేశారు.

ఆ ముడి అమ్మది. స్కూలు టీములకు యూనిఫాంలు కుట్టి ఇద్దర్నీ పెంచిన అమ్మది. నేర్పింది ఈ ఇద్దరికే. అమ్మ ఇప్పుడు లేదు. తను సూది ముట్టి పదేళ్ళయింది.

గుట్టలోంచి ఇంకొకటి లాగుతుంది. అదే ముడి! మచ్చు పీసులో ఉందని కుట్టేవాళ్ళు దాన్నీ దించేశారు.

తలెత్తుతుంది. తమ్ముడు చూపు తిప్పుకుంటాడు.

"లిస్టు చెరపను," అంటుంది. "ప్రెస్ దించు."

"ఏంటీ?"

"వాడి చెయ్యి కాల్చు. దించు!"

బట్టతలవాడు పిడి పట్టుకుంటాడు. దించడు. చెమటలు కక్కుతూ కుర్చీ వైపు తిరుగుతాడు.

"ఏం చెయ్యమంటారు సార్?"

తమ్ముడు నిట్టూరుస్తాడు. "దద్దమ్మా," అని చెయ్యి వెనక్కి తీసుకుని, రెండో చేతి కట్టు తనే విప్పుకుంటాడు.

"నీ కోసం పరుగెత్తుకుంటూ వచ్చాన్రా..." అంటుంది. "మెట్టు మెట్టుకీ దేవుడికి మొక్కుకున్నాను."

"వస్తావని తెలిసే కదక్కా పిలిపించింది. లాప్‌టాప్ ఇటివ్వు."

ఇవ్వదు. తెరుస్తుంది. లిస్టు సిద్ధంగా ఉంది.

"అక్కా, వద్దు!" వాడు బట్టతలవాడి నడుము నుంచి తుపాకి లాగుతాడు.

'సెండ్' నొక్కేస్తుంది. లిస్టు వెళ్ళిపోయింది.

ఢాం!

కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. ఎక్కడా నొప్పి లేదు...

కళ్ళు తెరిస్తే బట్టతలవాడు గుండె పట్టుకుని ప్రెస్ మీదికి ఒరిగి ఉన్నాడు. చర్మం కాలుతున్న వాసన. నేల మీద రక్తం జెర్సీల కిందికి పాకుతోంది.

తమ్ముడు తుపాకి తుడిచి ఆమె కాళ్ళ దగ్గర పడేస్తాడు.

"పోలీసులొచ్చాక ఇలా చెప్పు. ఓనర్ వీడే. నన్ను కొడుతుంటే చూడలేక తుపాకి లాక్కుని కాల్చావు. నిన్నెవరూ తప్పుపట్టరు. లిస్టులో నా పేరెలాగూ లేదు."

వెళ్ళి కుర్చీలో కూర్చుంటాడు. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెడతాడు.

"త్వరగా కట్టక్కా."

మోకాళ్ళ మీద కూర్చుని తాడు అందుకుంటుంది. ఏడుపు ఆగడం లేదు. ఒక చెయ్యి కడుతుంది. రెండోది కడుతుంది.

"అంత బిగించకు. నొప్పెడుతోంది."

ఇంకా బిగిస్తుంది. లాగి చూస్తుంది. కదలదు.

లేచి ఫోను తీసి పోలీసులకు కలుపుతుంది.

"సార్, ఇప్పుడే పంపిన లిస్టులో ఒక పేరు తక్కువైంది. రాసుకోండి."

"అక్కా... అక్కా!"

కుర్చీ దడదడా కొట్టుకుంటుంటే, ఆమె వాడి పూర్తి పేరు పుట్టిన తేదీతో సహా చెబుతుంది.