లీవిట్ వీధిలో బూడిదరంగు కారు

శనివారం ఉదయం. వాన వచ్చేలా ఉంది గాని రావడం లేదు. టొలీడోలో జూలై నెలాఖరు ఎప్పుడూ ఇంతే. లొరేన్ గోర్‌స్కీ పెనం మీద సాసేజ్ ముక్కలు తిప్పుతూ, కాఫీ చల్లారిపోతోందని భర్తకి రెండోసారి చెప్పింది. నార్బర్ట్ పేపరులోంచి తల ఎత్తలేదు. అప్పుడే ఫోన్ మోగింది.

లాయరు. శనివారం పూట లాయరు ఫోన్ చేస్తే అది మంచి కబురు కాదని నార్బర్ట్‌కి ఈ మధ్యే తెలిసింది. రెండు నిమిషాలు విన్నాడు. అలా జరిగే వీల్లేదన్నాడు. మళ్లీ విన్నాడు. ఫోన్ పెట్టేసి భార్య వీపు వైపు చూశాడు.

"లొరేన్, ఆ టాలివర్ పంపిన మనీ ఆర్డర్లు ఏం చేశావు?"

ఆమె స్టవ్ ఆపింది. వెనక్కి తిరగలేదు.

"బ్యాంకులో వేశాను."

నార్బర్ట్ గాజు ఫ్యాక్టరీలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేశాడు. రిటైరైన ఏడాదే ఒక హోటల్ హాల్లో జరిగిన సభకి వెళ్లొచ్చాడు. ఇంటి అప్పు కట్టలేక చేతులెత్తేసిన వాళ్ల నోట్లని, అంటే అప్పు పత్రాలని, బ్యాంకులు సగం ధరకే అమ్మేస్తాయట. అది కొనుక్కున్నవాడే ఆ అప్పుకి కొత్త యజమాని. బాకీదారు కడితే వాయిదాలు వస్తాయి, కట్టకపోతే ఇల్లు వస్తుంది. ఎటు చూసినా లాభమే అన్నాడు మైకు పట్టుకున్న మనిషి. నార్బర్ట్ మామీ షోర్ హోల్డింగ్స్ అని ఒక కంపెనీ పెట్టి, పోస్టాఫీసులో ఒక పెట్టె తీసుకుని, కంప్యూటర్‌లో జాబితా చూసి మూడు నోట్లు కొన్నాడు.

మొదటి నోటు తాలూకు ఇంటిని నగరం వాళ్లు ఎప్పుడో కూల్చేశారు. వెళ్లి చూస్తే అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. రెండోదానికి, చేతులు మారిన కాగితాల మధ్యలో ఒక సంతకం లేదు. కోర్టు ఆ నోటుని పక్కన పెట్టేసింది. ఇక మిగిలింది మూడోది. లీవిట్ వీధిలో స్కూలు బస్సు నడిపే వెర్నా టాలివర్ ఇల్లు. పద్నాలుగు నెలల బకాయి. దాన్ని జప్తు చేసి అమ్మితే ఆ రెండింటి నష్టమూ పూడుతుంది. ఏప్రిల్‌లో మొత్తం అప్పు ఒక్కసారే కట్టమని ఆఖరి నోటీసు వెళ్లింది. ఆ తర్వాత ఆమె దగ్గర్నుంచి చిల్లర వాయిదాలు వస్తే ముట్టుకోవద్దని, తిప్పి పంపమని లాయరు గట్టిగా చెప్పాడు. పోస్టు పెట్టె తాళం మాత్రం లొరేన్ దగ్గరే ఉంటుంది.

"నోటీసు ఇచ్చాక డబ్బు పుచ్చుకున్నాం కాబట్టి ఆ నోటీసు చెల్లదని వాళ్ల లాయరు వాదిస్తున్నాడట. మళ్లీ మొదటి నుంచి రావాలి. ఇంకో ఎనిమిది నెలలు. మే నెలది వేశావు, పొరపాటు. జూన్‌ది కూడా ఎలా వేశావు?"

లొరేన్ ఇప్పుడు తిరిగింది. "పొరపాటున వెయ్యలేదు, నార్బ్. లాయరు ఉత్తరం వారం రోజులు ఈ టేబుల్ మీదే పడి ఉంది. నాకూ చదవడం వచ్చు."

నార్బర్ట్ పేపరు మడిచి పక్కన పెట్టాడు. నలభై రెండేళ్ల కాపురంలో ఈవిడ తనకి తెలియకుండా ఒక కుర్చీ కూడా జరిపి ఎరగదు.

"ఎందుకు చేశావు?"

"బకెట్లలో టమాటా మొక్కలు పెట్టింది, అందుకు. ఇల్లు వదిలేసి పోయే మనిషి మే నెలలో టమాటా నాటదు."

ఆ మొక్కల సంగతి ఇద్దరికీ తెలుసు. ఈ వ్యాపారంలో తలుపు తట్టకూడదు. కారులోంచే చూసి రావాలి. మనుషులున్నారా, గడ్డి కోస్తున్నారా, పైకప్పు బాగుందా అని. మిగతావాళ్లు ఆ పనికి డబ్బిచ్చి మనిషిని పెట్టుకుంటారు. నార్బర్ట్ ఆ డబ్బు మిగుల్చుకుని పెళ్లాన్ని వెంటబెట్టుకెళ్లాడు. ఇద్దరు ముసలివాళ్లు కారులో కూర్చుంటే ఎవరికీ అనుమానం రాదని అతని లెక్క. దారిలో బేకరీలో 'చెర్రీ పై' అనే పళ్ల రొట్టె ముక్కలు రెండు కొనుక్కుని, ఆ ఇంటికి ఎదురుగా బూడిదరంగు కారు ఆపుకుని తింటూ చూసేవాళ్లు. ఎనిమిది నెలలుగా ప్రతి శనివారం. అతను నోటుబుక్కులో పైకప్పు గురించి రాసుకుంటుంటే ఆమె మొక్కలు చూస్తూ కూర్చునేది.

వీధి తలుపు తెరుచుకుంది. కూతురు మోనికా. ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది, శనివారం టిఫిన్‌కి వస్తుంది. తల్లి మొహం, తండ్రి మొహం చూసి ఎవరైనా పోయారా అని అడిగింది.

"నీ ఇల్లు పోయింది" అన్నాడు నార్బర్ట్. అని, అప్పుడు నాలిక కరుచుకున్నాడు.

లొరేన్ కూతురి వైపు చూసింది. "ఏ ఇల్లు?"

దాచి లాభం లేదు. మోనికానే చెప్పింది. ఏడేళ్లు కూడబెట్టి, ఇల్లు కొనడానికి మొదట కట్టాల్సిన డబ్బు దాచుకుంది. ఇరవై రెండు వేల డాలర్లు. ఏడాదిలో రెట్టింపు చేసిస్తానని తండ్రి అంటే ఇచ్చేసింది. లీవిట్ వీధి నోటులో సగం పైగా ఆ డబ్బే. తల్లికి చెప్పవద్దన్నది ఇద్దరూ అనుకున్న మాట.

లొరేన్ కుర్చీలో కూలబడింది. "నా కూతురు డబ్బా అది? నాకొక్క మాట చెప్పొద్దూ?"

"చెబితే ఇవ్వనిచ్చేదానివా?" అంది మోనికా. "అమ్మా, నీకు తెలియక చేశావు, సరే. ఇప్పుడు తెలిసింది కదా. ఆవిడ ఇంట్లో ఆవిడ ఉంటే నా ఇంట్లో నేను ఉండలేను. ఇద్దరిలో ఎవరు కావాలో చెప్పు."

సాసేజ్ ముక్కలు పెనంలోనే చల్లారిపోయాయి.

"నువ్వే కావాలి" అంది లొరేన్ చివరికి. "ఎప్పుడైనా నువ్వే. కానీ ఆ ఇంటి ఎదురుగా ఒక్కసారి కూర్చో. కూర్చుని చూసి, తర్వాత ఇదే మాట అను. నువ్వంటే, ఈ నెల మనీ ఆర్డర్ వచ్చాక నా చేత్తో నేనే తిప్పి పంపుతాను."

పదకొండు గంటలకి ముగ్గురూ బయల్దేరారు. బేకరీ ముందు నార్బర్ట్ అలవాటు కొద్దీ కారు ఆపాడు. ఆపాక సిగ్గేసింది. అయినా దిగి రెండు ముక్కలు కొనుక్కొచ్చాడు.

లీవిట్ వీధిలో ఆ ఇల్లు తెల్లది, చిన్నది. కిటికీ పక్క రంగు పెచ్చులు లేస్తోంది. అరుగు మీద ఆరు బకెట్లు, వాటి నిండా ఎర్రటి టమాటాలు. మోనికా వెనక సీట్లోంచి ఆ అరుగుని చూసింది. అలాంటి అరుగే తనకీ కావాలని ఏడేళ్లుగా చెబుతోంది.

తలుపు తీసుకుని వెర్నా టాలివర్ బయటికి వచ్చింది. యాభై దాటిన మనిషి, చెప్పుల్లేని కాళ్లు, చేతిలో కాగితం సంచి. నేరుగా రోడ్డు దాటి కారు దగ్గరికే వస్తోంది. నార్బర్ట్ చెయ్యి కారు తాళం మీదకి వెళ్లింది. లొరేన్ ఆ చేతిని పట్టుకుంది.

వెర్నా వంగి కిటికీలోంచి చూసింది. "ఏమనుకోకండి. చలికాలం నుంచీ మిమ్మల్ని చూస్తున్నాను. మొదట్లో పోలీసులేమో అనుకున్నాను. తర్వాత, పాపం ఈ పెద్దవాళ్లకి కూర్చోడానికి ఎక్కడా చోటు లేదేమో అనిపించింది." సంచి లోపలికి అందించింది. "ఇవాళ కోసినవే. కారులో ఉక్కగా ఉంటుంది, వచ్చి నా అరుగు మీద తినండి. ఇల్లు నా చేతిలో ఉన్నన్నాళ్లే అనుకోండి. ఏదో కంపెనీ వాళ్లు తీసేసుకుంటున్నారు."

టమాటాలు నార్బర్ట్ ఒళ్లో ఉన్నాయి. ఇంకా వెచ్చగా ఉన్నాయి. అతని నోటుబుక్కులో ఈ ఇంటి పైకప్పు ఉంది, వాననీటి గొట్టాలు ఉన్నాయి, గడ్డి ఎత్తు ఉంది. ఈ మొహం ఎక్కడా లేదు.

"ఆ కంపెనీ నేనేనమ్మా" అన్నాడు.

వెర్నా నిటారుగా నిలబడింది. కారుని, లొరేన్‌ని, సీటు మీది చెర్రీ రొట్టె ముక్కల్ని వరసగా చూసింది.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు దిగలేదు?"

"దిగకూడదని చెప్పారు."

వెర్నా వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఇంటి తలుపు పడింది. నార్బర్ట్ రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని తల వంచేశాడు. అతని భుజాలు కదలడం చూసి లొరేన్ అతని వీపు మీద చెయ్యి వేసింది.

వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మోనికా దిగి రోడ్డు దాటుతోంది. అరుగెక్కి తలుపు తట్టి, కట్టినవాటి లెక్క ఒకసారి చూపించమని అడిగింది.

నార్బర్ట్, లొరేన్ అరుగు దగ్గరికి వెళ్లేసరికి వెర్నా ఒక బిస్కెట్ల డబ్బా ముందు పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. డబ్బా నిండా రసీదులు. భర్త జబ్బులో పద్నాలుగు నెలలు కట్టలేకపోయిందట. ఆయన ఫిబ్రవరిలో పోయాడు. మార్చి నుంచి ఎవరి కాళ్లు పట్టుకుందామన్నా ఆ కంపెనీకి పోస్టు పెట్టె తప్ప మనిషి దొరకలేదు. నెలకి ఎంత కట్టగలరని మోనికా అడిగింది. మామూలు వాయిదా అయిదు వందల పన్నెండు, పాత బకాయి కింద ఇంకో తొంభై అంది వెర్నా. అంతకు మించి కడతానని అబద్ధం చెప్పలేనంది.

నార్బర్ట్ గొంతు సవరించుకున్నాడు. పన్నెండు నెలలు వరసగా కట్టిన నోటుకి బజార్లో మంచి ధర వస్తుందని, కావాలంటే అప్పుడు అమ్ముకోవచ్చని కూతురికి చెప్పాడు. "కానీ నీ ఇల్లు వచ్చే వేసవికి గాని కుదరదు. అప్పటికీ రెట్టింపు రాదు, తల్లీ. నీది నీకు వస్తే గొప్ప."

మోనికా కళ్లు తుడుచుకుంది. కోపం పూర్తిగా పోలేదు. "అద్దె ఇంట్లో ఇంకో ఏడాది ఉంటే చచ్చిపోను" అంది. తల్లి పక్కన మెట్టు మీద కూర్చుంది.

సోమవారం ఇద్దరి లాయర్లకీ చెప్పి కాగితం రాయించుకోవాలని అనుకున్నారు. వెర్నా డబ్బాలోంచి జూలై నెల మనీ ఆర్డర్ తీసింది. పోస్టు చెయ్యడానికి ధైర్యం చాలక ఉంచుకుందట. నార్బర్ట్ చేతిలో పెట్టి, వదలకుండా పట్టుకుంది.

"ఇవాళ నేను మిమ్మల్ని క్షమించేశానని అనుకోకండి. అది నా వల్ల ఇప్పుడే కాదు. రసీదు మాత్రం రాసివ్వండి."

నార్బర్ట్ నోటుబుక్కులో కొత్త పేజీ తీశాడు. అంకె రాశాడు, తేదీ వేశాడు. కంపెనీ పేరు రాయబోయిన పెన్ను కాసేపు ఆగిపోయింది. చివరికి నార్బర్ట్ గోర్‌స్కీ అని సంతకం చేసి, దాని కింద పోస్టు పెట్టె నంబరుకి బదులు తన ఇంటి చిరునామా, వంటింట్లో ఉన్న ఫోన్ నంబరు రాసి ఇచ్చాడు.