జేబులో రాగి వాషర్

లారీ షెడ్డు ముందు ఆగింది. ఇంజన్ మాత్రం ఆగలేదు.

"ముందు బండి ఆఫ్ చెయ్!" లోపల్నుంచి గంగాధర అరిచాడు.

"ఆఫ్ చేస్తే నువ్వు తోస్తావా?" డ్రైవర్ సీట్లోంచి ఆడగొంతు. "నిలిపితే మళ్లా స్టార్ట్ కాదప్పా. అందుకే గదా ఈడికొచ్చింది!"

మెకానిక్ గంగాధర తలెత్తి చూశాడు. స్టీరింగ్ వెనక పాతికేళ్ల అమ్మాయి. చున్నీ నడుముకు బిగించి కట్టింది. చెంప మీద గ్రీజు మరక. అది ఉన్నట్టు ఆమెకు తెలీదు. అతను చెప్పలేదు. చెప్పకపోవడం అప్పుడే మొదలైంది.

పేరు అశ్విని. ముదిగుబ్బ పక్కన పల్లె. నాయన శ్రీరాములుకు నడుం పడిపోయాక ఆ చిన్న డీజిల్ లారీ ఆమె చేతికొచ్చింది. ఊరి రైతుల పట్టుగూళ్లు ఎత్తుకుని ధర్మవరం, పెనుకొండ మీదుగా హిందూపురం మార్కెట్‌కు తోలుతుంది. సోమందేపల్లిలో గంగాధర షెడ్డు దారిలోనే పడుతుంది.

"ఎట్ల ఆగుతాండాది?"

"నాలుగు కిలోమీటర్లు బాగానే పోతాది. ఉన్నట్టుండి గుక్కపట్టి ఆగిపోతాది. ఇంజన్ పక్కన డీజిల్ చేతిపంపు యాభైసార్లు కొడితే లేస్తాది. ఒక్కోసారి అప్పుడూ లేయదు."

"నీ మాదిరే మొండిదన్నమాట."

"బండి సంగతి చూడప్పా. నా సంగతి నీకెందుకు?"

ఫిల్టర్ దగ్గర లోపల కనిపించే ప్లాస్టిక్ పైపు ముక్క బిగించి చూశాడు. డీజిల్‌తో పాటు గాలిబుడగలు. పది నిమిషాల్లో దొంగ దొరికింది. ఫిల్టర్ బోల్టు కింద రాగి వాషర్ అణిగిపోయి ఉంది. అక్కడ డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. కొత్త వాషర్ వేస్తే అయిపోయే పని.

పక్క దుకాణంలో వాషర్ కొని తిరిగొచ్చేసరికి ఆమె లారీ అద్దంలో మొహం చూసుకుంటోంది.

"ఇంతసేపూ ఈ మరక పెట్టుకొనే నీతో కొట్లాడితినా? చెప్పకూడదా?" అని పకపకా నవ్వింది.

ఆ నవ్వే కొంప ముంచింది. వాషర్ జేబులోనే ఉండిపోయింది. పైపుల్లో గాలి తీసేసి, "మళ్లా మొరాయిస్తే రా" అన్నాడు.

మూడు వారాలకు మొరాయించింది. ఆమె వచ్చింది.

ఆ తర్వాత మళ్లీ మళ్లీ. ఫిల్టర్ మార్చాడు, పైపు మార్చాడు, ట్యాంకు కడిగాడు. మార్చాల్సింది తప్ప అన్నీ మార్చాడు. ఆమె ఉడకబెట్టిన శనక్కాయలు తెచ్చేది. "నీకు పని రాదప్పా" అని ఏడిపించేది. వాన పడితే రేకుల కింద ఇద్దరూ ఒకే సంచిలో చెయ్యి పెట్టి శనక్కాయలు తినేవాళ్లు. మనసులో మాట చెప్పేసి, ఆ వెంటనే వాషర్ వేసేద్దామనుకునేవాడు. అయిదుసార్లు అనుకున్నాడు.

ఆరోసారి ఫోన్ వచ్చింది.

"పెనుకొండకు ఇవతల, గుట్టల్లో నిలిచిపోయింది. తెల్లారినప్పట్నించి ఈడే ఉండా. సిగ్నల్ కోసం గుట్టెక్కినా. పంపు కొట్టి కొట్టి చేతులు పడిపోయినాయి. లేయడంల్యా గంగాధరా!"

ఆమె పేరు పెట్టి పిలవడం అదే మొదలు. వానలో బైకు మీద పోయాడు. జేబులోంచి వాషర్ తీసి బిగించాడు. గాలి తీశాడు. ఒక్క సెల్ఫ్‌కే ఇంజన్ లేచింది.

అశ్విని అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. లారీలో ఉన్నవి తిప్పమ్మ అనే ముసలావిడ గూళ్లు. వాటికి అదే ఆఖరి రోజు. మార్కెట్లో వేలం వేళ దాటిపోయింది. రేపటికి పురుగులు గూళ్లు తొలుచుకుని రెక్కలతో బయటికొస్తాయి. తూటుపడిన గూటి నుంచి దారం రాదు.

"ఇంతేనా? అయిదు నిమిషాల పనా?" ఆమె అతని చేతిలోని కాగితం పొట్లం చూసింది. చెమటకు తడిసి, ఆరి, మడతల దగ్గర చిరిగిన పొట్లం. "ఈ వాషర్ ఎప్పుడు కొన్నావు?"

నిన్న అని చెప్పొచ్చు. నోరు రాలేదు.

"నువ్వు మొదటిసారి వచ్చినావే... ఆ పొద్దే."

"తెలిసీనా?"

"వాషర్ వేస్తే నువ్వు మళ్లా రావని."

  "తిప్పమ్మవ్వ రాత్రనక పగలనక వాటికి ఆకు మేపింది" అని మాత్రం అని, క్యాబిన్ ఎక్కింది.

మరుసటి వారం అతను ఆ పల్లెకు పోయి తిప్పమ్మ ముందు తప్పు ఒప్పుకున్నాడు. ముసలావిడ చేతిలోని ఖాళీ తట్ట పక్కన పెట్టింది.

"ఊర్లో ఎవరూ ఆ పిల్ల బండికి గూళ్లు ఎత్తడంల్యా నాయనా. నాకొక్కదానికి చెప్తే ఏం లాభం? పోయి అందరికీ చెప్పు."

ఇంటింటికీ తిరిగి చెప్పాడు. రైతులు మళ్లీ అశ్వినినే పిలిచారు. శ్రీరాములు ఇంటికీ పోయాడు. ఆమె వాకిట్లోకి రాలేదు.

నాలుగు నెలలు ఆ లారీ సోమందేపల్లిలో ఆగలేదు. దాని చప్పుడు అతను ఫర్లాంగు దూరం నుంచే గుర్తుపట్టేవాడు.

ఒక మధ్యాహ్నం ఆగింది. ఆమె ఇంజన్ ఆపలేదు. కిటికీలోంచి శనక్కాయల సంచి అందించింది.

"ఇంటింటికీ తిరిగి చెప్పినావంట."

"చెప్పినా."

"ఊరందరికీ చెప్పిన నోరు, నాకొక్కదానికి ముందే చెప్పింటే ఏమయ్యేది?" ఆమె రోడ్డు వైపే చూస్తోంది. "మంచి బండేసుకొనే వచ్చేదాన్ని గదప్పా, టీ తాగేకి."

"ఇప్పుడు దిగకూడదా, అశ్వినీ?"

ఆమె చెయ్యి తాళంచెవి మీదకు పోయింది. అక్కడే కాసేపు ఉంది. తర్వాత గేరు మీదకు వచ్చింది.

"లోడ్ ఉండాది."

లారీ కదిలింది. గంగాధర రోడ్డు మీదకొచ్చి నిలబడి చెవులు రిక్కించాడు. ఎక్కడైనా గుక్కపడుతుందేమోనని. హిందూపురం మలుపు దాకా ఒకటే చప్పుడు.

ఎక్కడా ఆగలేదు. అంత బాగా చేశాడు ఆ పని.