రేకు అవతలి కారు

ఆ ఉదయం మెకానిక్కు షెడ్డులో మూడు కార్లున్నా కదిలేది ఒక్కటీ లేదు. రేకు అడ్డుగోడకు అవతల తమ్ముడి షెడ్డు. అక్కడ కారు తాళం తిప్పితే పరిగెత్తేలా ఉంది.

ఆ రేకు కొట్టించింది అన్నే. తను బిగించిన ఇంజన్ని తమ్ముడు గిరాకీకొచ్చినవాడి ఎదుటే మళ్లీ విప్పి చూశాడని మాటలు మానేశాడు. అప్పట్నుంచీ ఇద్దరి మాటలూ మోసేది అన్న భార్యే.

ఆ తెల్లారి షెడ్డు వెనకింట్లో పొయ్యి వెలిగిస్తూనే ఆమె దవడ లాగుతోందంది, వీపంతా బరువంది. చీర తడిసేలా చెమట. గ్యాసేలే అని సోడా తాగించాడు. అదీ కక్కేసింది.

"మీ తమ్ముణ్ణి పిలవండి. కారుంది కదా."

"వాడి కారెక్కితే జన్మంతా వాడి నోట్లో నానాలి. ఈ బండి బిగించేస్తా, చిటికెలో పని."

ఆ చిటికె సాగింది. షెడ్డు నడుమనున్న ఎండ గుమ్మందాకా జరిగినా బండి దగ్గడమే గాని లేవలేదు. లోపల ఆమె పడిన చప్పుడుకి రేకు అవతలివాడే ముందు పరిగెత్తుకొచ్చాడు. ఒక్క మాట అడక్కుండా వదినని ఎత్తి కార్లో పడుకోబెట్టాడు. అన్న ముందు సీట్లో దొంగలా కూర్చున్నాడు.

ఆసుపత్రిలో పరీక్ష చేసి, గుండెపోటంది డాక్టరమ్మ. "నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"ఇప్పుడే," అన్నాడు. తమ్ముడు తలెత్తి చూశాడు.

డాక్టరమ్మ ఆమెవైపు తిరిగింది. "అవునమ్మా... ఇప్పుడే," అందామె. ఊపిరికే కరువైన మనిషి, ఉన్న కాస్త ఊపిరీ అతని పరువుకి ఖర్చుపెట్టింది.

అతనికి నేల చీలితే బాగుండుననిపించింది. "కాదమ్మా. తెల్లారి పొయ్యి వెలిగించినప్పట్నుంచీ. నేనే ఆపాను. వీడి కారు అడగాల్సొస్తుందని."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆలస్యమైన కొద్దీ గుండె చచ్చిపోతూ ఉంటుందని చెబుతూనే మంచం లోపలికి తోయించింది.

చాలాసేపటికి బయటికొచ్చింది. మూసుకున్న రక్తనాళం తెరిచామని, ప్రాణానికి భయం లేదని చెప్పింది. "కానీ గుండె కండరం కొంత పోయింది. అది తిరిగి రాదు. నొప్పి రాగానే తెచ్చుంటే చాలావరకు దక్కేది."

ఇంజను వేడెక్కి ఎర్ర లైటు వెలిగాక కూడా బండి తోలుకొచ్చిన గిరాకీలను ఎన్ని మాటలన్నాడు! బుర్ర ఉందా, అక్కడే ఆపాలని తెలీదా అని. ఇంజనుకైతే పాడైన ముక్క మార్చొచ్చు.

లోపలికెళ్లి ఆమె కాళ్ల దగ్గర నిలబడ్డాడు. మొహం చూడలేకపోయాడు.

"డాక్టరమ్మ ముందు నా మాట ఎందుకు కాదన్నారు?" అంది నీరసంగా.

"నువ్వు నాకోసం ఆడిన అబద్ధం మొయ్యలేకపోయానే."

ఆమె కళ్లు మూసుకుంది. "మీ తమ్ముడు పొద్దుట్నుంచీ ఏమీ తిన్లేదు. కనీసం కూర్చోమన్నారా?"

అనలేదు. నడవాలోకొచ్చాడు. తమ్ముడు గోడకానుకుని నిలబడే ఉన్నాడు, చేతిలో తాళం అలాగే.

"లోపలికి రారా."

"వదిన పిలిచిందా?"

ఈసారి మాట మోసేవాళ్లెవరూ లేరు.

"లేదురా. నేనే పిలుస్తున్నా."